చివరి మాట సరే, చివరి కాగితమో?

ఏటా జనవరి 30న, గాంధీ వర్ధంతి నాడు, శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ అదే తంతు. విగ్రహానికి దండ, పదకొండు గంటలకు రెండు నిమిషాల మౌనం, ఆపైన ఉపన్యాసాలు. ఎవరు మాట్లాడినా 'హే రామ్' దగ్గరికి రాక తప్పదు. గాంధీ ఆ మాట అన్నారా లేదా అన్న వాదన ఈ మధ్య మరీ ముదిరింది. పక్కనే నడుస్తున్న, మనవరాలి వరసైన మనూ విన్నానని రాసుకున్నారు. కార్యదర్శి కల్యాణం తనకు వినపడలేదన్నారు. మూడు తూటాలు దిగిన క్షణంలో ఎవరి చెవిన ఏం పడిందో ఇక తేలేది కాదు.

అంతకు కాసేపటి ముందు ఆయన మాట్లాడింది టైము గురించి. పటేల్‌తో మాటల్లో పడి ప్రార్థనకు పది నిమిషాలు ఆలస్యమైంది. ఆలస్యం తనకు గిట్టదని మనూ, ఆభాలతో అంటూనే నడిచారు. రెండు గంటలు ఆలస్యంగా సభకొచ్చే మన నాయకులు ఈ ముక్క మాత్రం ఎత్తరు.

మాకు ముఖ్యమనిపించేది హత్యకు ముందు రోజు, 1948 జనవరి 29న, గాంధీ రాసిన ముసాయిదా. కాంగ్రెస్‌ను రద్దుచేసి లోక్ సేవక్ సంఘ్‌గా, అంటే ప్రజాసేవకుల సంఘంగా, మార్చాలని అందులో రాశారు. ఏడు లక్షల పల్లెలకు సాంఘిక, నైతిక, ఆర్థిక స్వాతంత్ర్యం ఇంకా రావాలన్నారు. రద్దు సంగతి పట్టుకుని ఎవరి రాజకీయం వాళ్ళు చేసుకున్నారు. సేవకులకు పెట్టిన షరతులు చదివేవాళ్ళే లేరు. మొదటి షరతులోనే ఖద్దరు ఉంది: సొంతంగా వడికిన నూలుతో నేసిందో, చరఖా సంఘం ధ్రువీకరించిందో కట్టడం అలవాటుగా ఉండాలి.

సన్న ఖద్దరుకు పేరుపడ్డ పొందూరు ఉన్న శ్రీకాకుళం జిల్లాకు ఇది పరాయి మాట కాదు. వాలుగ చేప దవడ పళ్ళతో కొండపత్తి దువ్వి, గింజ తీసి, ఏకులు చుట్టి, ఒంటి కదురు రాట్నం మీద వంద కౌంటు సన్న నూలు తీసే ఆడవాళ్ళు అక్కడ ఇప్పటికీ ఉన్నారు. చాలామంది పెద్ద వయసువాళ్ళే. కళ్ళు లాగేస్తాయి, నడుం పట్టేస్తుంది. రోజంతా కూర్చున్నా వచ్చేది ఉపాధి హామీ కూలికి కూడా తూగదు. కోడళ్ళు, మనవరాళ్ళు రాట్నం ముట్టడం లేదంటే వాళ్ళను ఏమనగలం?

వడికే కూలి పెంచితే బట్ట ధర పెరిగి అమ్మకాలు పడిపోతాయంటారు. నిజమే, పొందూరు పంచె ఇప్పటికే సామాన్యుడు కొనే ధరలో లేదు. అందుకే పెంచిన కూలి భారం ప్రభుత్వం మోయాలి. కొన్నవాళ్ళ బిల్లులో రిబేటు తగ్గించి ఊరుకోకుండా, వడికినవాళ్ళ ఖాతాలో నెలనెలా నేరుగా వేయాలి.