లాగ్‌ఫ్రేమ్ పట్టిక గారికి విన్నపం

మహారాజశ్రీ లాగ్‌ఫ్రేమ్ పట్టిక గారి దివ్యసముఖానికి,

విశాఖపట్నంలో చిన్న చిన్న హక్కుల సంఘాలకు ప్రణాళికలూ మదింపు నివేదికలూ రాయడంలో చేదోడుగా ఉండే మీ విధేయుడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

ప్రాజెక్టు ఏం సాధించాలో, దాన్ని ఎలా కొలవాలో ఒకేచోట చూపే పట్టికగా 1969లో అమెరికా విదేశీ సహాయ సంస్థ కోసం పుట్టి, దేశదేశాల దాతల కార్యాలయాల్లో సత్కారాలందుకున్న తమరు, మద్దిలపాలెంలో మేడమీది అద్దెగదిలో ఒకే ఫ్యాను కింద కూర్చునే తోపుడుబళ్ల మహిళల సంఘం దాకా దయచేయడం మా అదృష్టం. లక్ష్యం మొదలు వనరుల వరకు నాలుగు అడ్డవరుసలు, వాటికి వివరణ, సూచికలు, రుజువులు, ఊహలు అనే నాలుగు నిలువు వరుసలు. పదహారు గడుల్లో పేదల పోరాటమంతా ఇమిడి తీరాలన్న తమరి పట్టుదల సామాన్యమైనది కాదు.

ఆ సంఘంలో అట్టలు ఊడిన ఒక పొడుగు నోటుపుస్తకం ఉంది. మున్సిపల్ సిబ్బంది ఏ రోజు ఎవరి కాటా పట్టుకుపోయారు, ఎంత కట్టించుకున్నారు, రసీదు ఇచ్చారా, ఎన్నాళ్లకు తిరిగి ఇచ్చారు అన్నవన్నీ సభ్యురాలి కూతురొకతె అందులో రాసిపెడుతుంది. సంఘం పెట్టాక జప్తులు తగ్గాయా, రసీదులు పెరిగాయా అన్నది ఆ పుస్తకం తిరగేస్తే తెలిసిపోతుంది. తమరికి మాత్రం కావలసింది "శిక్షణ పొందిన మహిళల సంఖ్య", దానికి రుజువుగా సంతకాల షీటు, బ్యానరు కనిపించేలా తీసిన ఫొటో. తమరిని ల్యాప్‌టాప్‌లో దర్శనం చేయించినప్పుడు ఒకావిడ, "మరి నా కాటా ఎప్పుడిత్తారో ఏ గడిలో ఉంటాది బాబూ?" అని అడిగింది. సూచికల మీద నేను చెప్పిన పాఠానికి అంతకు మించిన మదింపు ఇంతవరకు రాలేదు.

2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం, సర్వే పూర్తయి అందరికీ ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. ఈ సంగతి తెలిసిన మనిషి ఒకరు పక్కన నిలబడి మాట్లాడినందువల్ల ఆ పూట బండి కదలకపోతే, సంఘానికి అదే ఫలితం. జరగని జప్తును తమరు ఏ గడిలో వేస్తారు?

అనంతగిరి మండలంలో గనుల లీజుల మీద, గిరిజన హక్కుల కోసం పనిచేసే సమత సంస్థ వేసిన కేసును తలచుకోండి. హైకోర్టులో అది ఓడిపోయింది. ఆ ఏడాది తమరి తరఫున ఎవరైనా మదింపుకు వచ్చి ఉంటే, ఫలితం సున్నా, కొనసాగింపు అనవసరం అని రాసి టీ తాగి వెళ్లేవారు. అదే కేసులో 1997లో సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రభుత్వ భూములను ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకివ్వడం చెల్లదని తీర్పునిచ్చింది.

కంపెనీల సామాజిక బాధ్యత నిబంధనలు సైతం, సగటున ఏడాదికి 10 కోట్లు, ఆపైన ఖర్చు పెట్టవలసిన కంపెనీలనే, అదీ 1 కోటికి తగ్గని ప్రాజెక్టులకే, ప్రభావ మదింపు చేయించమంటాయి. తోపుడుబండి ఖరీదంత గ్రాంటుకు ఆ మదింపు అడిగే ఔదార్యం తమరి భక్తులకే చెల్లింది.

అయితే తమరి చివరి నిలువు వరుస మీద నాకు అపారమైన గౌరవం. అధికారులు సహకరిస్తారు, మార్కెట్ స్థలం మరొకరికి పోదు, కమిటీ సమావేశం సకాలంలో జరుగుతుంది అని సంఘం పోరాడే విషయాలనన్నిటినీ "ఊహలు" అంటూ అక్కడ సర్దేసి, మిగిలిన భోజనాలూ బ్యానర్లూ ముందు వరుసల్లో కూర్చోబెట్టారు. ఆ వరుసను మొదటికి తెచ్చి, ఏడాది పని అక్కడినుంచే ఆలోచించుకోనివ్వాలనీ, రుజువుల కింద ఆ నోటుపుస్తకాన్ని అంగీకరించాలనీ నా ప్రార్థన.

ఇది తమరు పరిశీలించేలోగా మార్చి 31 వచ్చిపడుతుంది కనుక, అడిగిన సంతకాల షీటు, భోజనాల బిల్లు, ఫొటో జతపరుస్తున్నాను. ఫొటోలో వెనక వరుస చివరన ఉన్నావిడ శిక్షణకు రాలేదు. కాటా విడిపించుకోవడానికి వెళ్తూ, మేము పిలిస్తే ఆగింది. అయినా లెక్కలో వేసుకోగలరు.

ఇట్లు,
మీ విధేయుడు