బుర్ర ఒంటరిగా వాడరాదు

మన రాజకీయాల్లో సొంతంగా ఆలోచించడం నిషిద్ధమని కొందరు అపోహ పడుతుంటారు. పాపం, వాళ్లు రాజ్యాంగం పదో షెడ్యూలు, అదే ఫిరాయింపుల నిరోధక చట్టం, చదివి ఉండరు. అందులో ఆలోచనకు ఎక్కడా అడ్డు లేదు. ఓ కనీస సంఖ్య పెట్టారు, అంతే.

1985లో 52వ సవరణతో వచ్చిన ఈ షెడ్యూలు ప్రకారం పార్టీ విప్‌కు, అంటే సభలో ఎలా ఓటెయ్యాలో చెప్పే ఆదేశానికి, విరుద్ధంగా ఓటేసినా, అసలు ఓటెయ్యకుండా ఊరుకున్నా సభ్యత్వం పోతుంది. కావాలంటే ముందే అనుమతి అడగవచ్చు. అడగకుండా మనస్సాక్షి జారిపోతే, 15 రోజుల్లోగా పార్టీ క్షమించవచ్చు. ఇంత దయ ఉన్నా కొందరు చేజేతులా చెడిపోతారు. ఎలాగంటారా? బిల్లు చదువుతారు. విప్ చేతికందాక బిల్లు చదవడం తాళి కట్టాక జాతకాలు చూడటమే. విశ్వాస తీర్మానం, ద్రవ్య బిల్లు లాంటి కొన్నింటికే ఈ వేటు పరిమితం చేయమని 1990లో దినేశ్ గోస్వామి కమిటీ చెప్పింది. ఆ సిఫార్సు మీద అన్ని పార్టీలదీ ఏకాభిప్రాయం: ముట్టుకోకూడదని.

అదే మనస్సాక్షి గుంపుగా మేల్కొంటే చట్టం చేతులు జోడిస్తుంది. మొదట్లో మూడింట ఒక వంతు చీలితే సరిపోయేది. మరీ చవకైపోయిందని 2003లో 91వ సవరణతో దాన్ని ఎత్తేశారు. ఇప్పుడు విలీనమొక్కటే రాజమార్గం; శాసనసభా పక్షంలో మూడింట రెండొంతులు కావాలి. ఈ లెక్క ఎంత సున్నితమో తెలంగాణ చూపించింది. 2018లో కాంగ్రెస్‌కు వచ్చినవి 19 సీట్లు, అంటే 13 మంది కావాలి. 2019లో ఉత్తమ్‌కుమార్ రెడ్డి నల్లగొండ ఎంపీగా గెలిచి ఎమ్మెల్యే పదవి వదులుకున్నారు. మిగిలింది 18. రెండొంతులు 12. సరిగ్గా 12 మందికే నియోజకవర్గ అభివృద్ధి టీఆర్ఎస్‌లో కనిపించింది! నెలల తరబడి ఒక్కొక్కరికీ విడివిడిగా అవుతూ వచ్చిన జ్ఞానోదయం పన్నెండో వారి దగ్గర, జూన్‌లో, చట్టబద్ధమైంది.

లెక్క కుదరకపోతేనే గొడవ. 2023లో గెలిచిన బీఆర్ఎస్ ఎమ్మెల్యేల్లో 10 మంది ఫిరాయించారని ఫిర్యాదులు వెళ్లాయి. పక్షంలో అప్పటికి 38 మంది. విలీనానికి కావలసింది 26. వారిలో ఒకరు ఎమ్మెల్యేగా ఉంటూనే 2024లో సికింద్రాబాద్ లోక్‌సభకు కాంగ్రెస్ టికెట్‌పై పోటీ చేశారు. మూడు నెలల్లో తేల్చమని 2025 జులైలో సుప్రీంకోర్టు స్పీకరుకు చెప్పాల్సొచ్చింది. కండువా రంగు గుర్తుపట్టడం అంత తేలికేం కాదు మరి. ఆంధ్రాలో ఈ బాధే పెట్టుకోలేదు. 2014–19 మధ్య 67 మంది వైసీపీ ఎమ్మెల్యేల్లో 23 మంది టీడీపీలోకి వెళ్లారు. కావలసింది 45. అయినా నలుగురు మంత్రులయ్యారు, ఫిర్యాదులు అలా పడే ఉన్నాయి. ఆ 23 అంకె 2019లో ఏం చేసిందో తెలుగువాడికి చెప్పక్కర్లేదు.

ఇంతకీ అసలు గొప్పవాడు అభిమాని. అతనికి విప్ లేదు, జీతం లేదు, అనర్హత భయం లేదు. అయినా గీత దాటడు. 2016 సెప్టెంబరులో ఆంధ్రాకు ప్రత్యేక హోదా కన్నా కేంద్రమిచ్చే ప్యాకేజీ మేలని పసుపు అభిమాని బల్లగుద్ది వాదించాడు. 2018 మార్చి కల్లా హోదా ఇవ్వనివాడు ద్రోహి అన్నాడు. 2024లో ఆ ద్రోహితోనే పొత్తుకు జెండా పట్టాడు. నీలం అభిమాని తక్కువ తిన్నాడా? 25 మంది ఎంపీలనిస్తే కేంద్రం మెడలు వంచి హోదా తెస్తామని తన నేత అన్నప్పుడు ఈల వేశాడు. 2019లో కేంద్రానికి మన అవసరం లేదు, అడుగుతూనే ఉంటామన్నప్పుడు కూడా ఈలే వేశాడు. గొంతు మాత్రం మారలేదు.

కొత్తవాళ్లకు ఒక జాగ్రత్త. ప్రమాదమంతా వార్త రావడానికీ పార్టీ లైన్ రావడానికీ మధ్య ఉన్న రెండు మూడు గంటల్లోనే ఉంటుంది. ఆ వ్యవధిలో వాట్సాప్ గ్రూపులో ‘‘ఇది మాత్రం తప్పే’’ అని టైపు చేశారో, సాయంత్రం ప్రెస్‌మీట్‌లో అదే చారిత్రక నిర్ణయమని తేలుతుంది. మెసేజ్ తీసేసినా తీసేసిన గుర్తు మిగులుతుంది, స్క్రీన్‌షాట్ ఎలాగూ ఉంటుంది, మర్నాటికి మీరు కోవర్టు. మరీ ఉండబట్టలేకపోతే ‘‘మరి వాళ్ల హయాంలో ఏం జరిగింది?’’ అని అడగండి. ఏ వార్తకైనా, ఏ పార్టీకైనా అతుకుతుంది.

అప్పటికీ బుర్ర మాట వినకపోతే చట్టాన్నే ఆశ్రయించండి. గ్రూపులో 90 మంది ఉన్నారా? ఒక్కొక్కరికీ విడిగా మెసేజ్ పెట్టి కనుక్కోండి. 60 మంది ఔనంటే ధైర్యంగా రాసేయండి. 59 దగ్గర ఆగిపోయిందా, వెంకటేశ్వరస్వామి ఫొటో ఒకటి పెట్టి శుభోదయం చెప్పండి.