పంటను వదిలేది మందు కాదు, పంటే తట్టుకుంటుంది

సెలెక్టివ్ కలుపు మందు, అంటే పంట ఉండగానే కలుపును చంపే మందు, పంటను గుర్తుపట్టి వదిలేస్తుందని చాలామంది నమ్మకం. మందుకు ఆ తెలివి లేదు. పంట మీదా, కలుపు మీదా ఒకేలా పడుతుంది. చాలా మందుల విషయంలో, లోపలికి వచ్చిన మందును విరగ్గొట్టే శక్తి పంటకు ఉంటే నిలబడుతుంది, అది లేని కలుపు చస్తుంది. ఈ సంగతి రైతుకు చెప్పకుండా 'పంటకు ఏమీ కాదు' అని మాత్రమే చెప్పి మందు అమ్మడం అన్యాయం.

వరిలో వాడే కలుపు మందు ప్రొపానిల్‌నే చూడండి. వరి ఆకులోని ఒక ఎంజైమ్ దాన్ని హాని లేని పదార్థాలుగా మార్చేస్తుంది. వరిలో కలుపుగా మొలిచే ఊద గడ్డిలో ఆ ఎంజైమ్ చాలా తక్కువ, అందుకే చస్తుంది. కానీ కొన్ని ఆర్గానోఫాస్ఫేట్, కార్బమేట్ పురుగుమందులు వరిలోని ఆ ఎంజైమ్‌నే అడ్డుకుంటాయి. పని కలిసొస్తుందని రెండూ ఒకే ట్యాంకులో కలిపినా, కొద్ది రోజుల తేడాతో కొట్టినా వరి ఆకులు మాడతాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. ఏళ్ల తరబడి ప్రొపానిల్ కొట్టిన పొలాల్లో, వరిలాగే ఆ మందును అరాయించుకునే ఊద తయారైంది.

1940ల్లో వచ్చిన 2,4-డి గోధుమ, మొక్కజొన్నల్లో వెడల్పాకు కలుపును చంపుతుంది. పంట దశ తప్పితే ఆ పంటలకే దెబ్బ. గాలికి పక్క చేలోని పత్తి మీద పడితే ఆకులు ముడుచుకుపోతాయి. క్విజలోఫాప్ అనే కలుపు మందు దీనికి తలకిందులు, సోయాలో గడ్డి జాతిని చంపుతుంది, సోయా తట్టుకుంటుంది.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది కలుపు మొండికేయడం. ట్రయజీన్ మందులకు లొంగని కలుపు గురించి 1970లోనే అమెరికా నుంచి రిపోర్టు వచ్చింది. 1980ల తర్వాత దాదాపు మూడు దశాబ్దాలు కొత్త తరహాలో పనిచేసే మందు ఒక్కటీ మార్కెట్లోకి రాలేదు. కాబట్టి ఉన్నవాటినే కాపాడుకోవాలి. వరి కలుపు మందు బిస్‌పైరిబాక్ పనిచేయడం లేదని పెనాక్సులామ్ అనే ఇంకో మందు కొన్న రైతు మందు మార్చానని అనుకుంటాడు. కలుపును చంపే తీరును బట్టి మందులకు ఇచ్చే నంబరు ప్రకారం రెండూ గ్రూప్ 2 మందులే, కలుపులో అడ్డుకునే ఎంజైమ్ ఒక్కటే. అందుకే డబ్బా మీద బ్రాండ్ పేరు కన్నా గ్రూప్ నంబరు పెద్దగా ఉండాలంటాను.

గ్రూపు మార్చినా ప్రతిసారీ గట్టెక్కుతామని లేదు. మందును విరగ్గొట్టడం నేర్చిన కలుపు ఎప్పుడూ వాడని మందును కూడా తట్టుకోగలదు. పిచికారీ తర్వాత చేలో అక్కడక్కడా మిగిలిన కలుపు మొక్కలు నాలుగే కదా అని వదిలేయకూడదు. గింజ రాలకముందే చేత్తో పీకి చేను బయట వేయాలి.