సవరణ: హాప్కిన్స్‌లో ఫీజు మాఫీ అందరికీ కాదు

బ్లూమ్‌బర్గ్ దాతృత్వ సంస్థ ఇచ్చిన వంద కోట్ల డాలర్లతో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో మెడిసిన్ చదివేవాళ్లందరికీ ట్యూషన్ ఫీజు మాఫీ అని మొన్న రాశాను. పొరపాటు నాదే. 2024 జులైలో ప్రకటించిన ఆ మాఫీ, కుటుంబ ఆదాయం ఏడాదికి 3 లక్షల డాలర్ల లోపు ఉన్నవాళ్లకే. 1.75 లక్షల లోపైతే బతుకు ఖర్చులూ ఇస్తారు. నా దృష్టిలో అసలు విశేషం ఇదే. ఫీజు లేకపోయినా ఒకటో తారీఖున అద్దె కట్టాల్సిందే కదా, పేదింటి పిల్లలు వెనక్కి తగ్గేది అక్కడే.

ఆదాయంతో పనిలేకుండా అందరికీ ఫీజు తీసేసింది న్యూయార్క్ బ్రాంక్స్‌లోని ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ మెడికల్ కాలేజీ. ఆ కాలేజీ మాజీ ప్రొఫెసర్ రూత్ గాట్స్‌మన్ ఇచ్చిన విరాళంతో అది సాధ్యమైంది, 2024 ఫిబ్రవరిలో ప్రకటించారు. ఆ విరాళమూ వంద కోట్ల డాలర్లే కావడంతో రెండూ కలిపేశాను.