ఒబామాను చూశాం, ఓటర్ల జాబితాను చూడలేదు

అమెరికా అధ్యక్ష ఎన్నిక అయిపోగానే బయటి దేశాలవాళ్లు ఒక తీర్పు చెప్పేస్తారు. 2008 నవంబర్‌లో బరాక్ ఒబామా గెలిచినప్పుడు అక్కడ వర్ణ వివక్ష కథ ముగిసిందన్నారు. ఎనిమిదేళ్ల తర్వాత డొనాల్డ్ ట్రంప్ గెలిస్తే అమెరికా అసలు రంగు బయటపడిందన్నారు. లండన్ పత్రికలూ అంతే, ఢిల్లీ పత్రికలూ అంతే, మన తెలుగు చానళ్ల చర్చలూ అంతే. పైకి చూస్తే ఈ రెండు తీర్పులకూ పొంతన లేదు. లోపల ఉన్న నమ్మకం మాత్రం ఒకటే. అధ్యక్షుడి ముఖం చూసి దేశం మనసు చదివేయొచ్చని.

అయోవా రాష్ట్రంలో హోవర్డ్ అనే చిన్న కౌంటీ ఉంది, కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. జనాభా పదివేల లోపు, దాదాపు అందరూ తెల్లవాళ్లే, వ్యవసాయమే ఆధారం. 2012లో ఇక్కడ ఒబామాకు ఇరవై పాయింట్లకు పైగా ఆధిక్యం వచ్చింది. 2016లో ట్రంప్‌కూ ఇరవై పాయింట్లకు పైగానే వచ్చింది. దేశంలో మూడు వేలకు పైగా కౌంటీలుంటే, అంతగా ఇటు నుంచి అటు తిరిగింది ఇదొక్కటే. నాలుగేళ్లలో ఆ ఊళ్ల జనం మారిపోలేదు. అప్పుడు వివక్షను గెలిచారనీ, తర్వాత దానికి లొంగిపోయారనీ చెప్పడం తేలికే కానీ, దాంతో ఏమీ తేలదు. నా లెక్క ప్రకారం వాళ్లు రెండుసార్లూ అడిగింది మార్పునే. రెండోసారి మార్పు తెస్తానన్న మనిషి దాంట్లో వలసదారుల మీద కోపాన్ని కూడా కలిపాడు. కలిపాడని తెలిసే చాలామంది ఓటేశారు.

2008 సంబరం బూటకమని నేననను. ఆ రాత్రి షికాగో గ్రాంట్ పార్కులో నల్లజాతి పౌరహక్కుల నేత జెస్సీ జాక్సన్ కన్నీళ్లు పెట్టుకోవడం లోకమంతా చూసింది. కానీ అదే రాత్రి తెల్లజాతి ఓటర్లలో ఒబామాకు పడింది 43 శాతమే. 1964లో లిండన్ జాన్సన్ తర్వాత ఏ డెమొక్రాట్ అభ్యర్థికీ వాళ్లలో సగం ఓట్లు రాలేదు. జాతి వివక్షను నిషేధించిన పౌరహక్కుల చట్టం వచ్చింది కూడా 1964లోనే. ఈ లెక్కలు అప్పుడూ అందరికీ అందుబాటులోనే ఉన్నాయి. పండగపూట ఎవరూ పట్టించుకోలేదు.

అమెరికాను బయటినుంచి వచ్చి చదివినవాళ్లు పాతకాలం నుంచీ ఉన్నారు. 1831లో వచ్చిన ఫ్రెంచి మేధావి టోక్విల్ అక్కడి ప్రజాస్వామ్యాన్ని ఎంత మెచ్చుకున్నా, జాతుల విషయానికొచ్చేసరికి పెదవి విరిచాడు. బానిసత్వం రద్దయిన రాష్ట్రాల్లోనే నల్లవారిపై ద్వేషం మరింత గట్టిగా ఉందని రాశాడు. అంటే చట్టం మారినా మనసు మారదని. వందేళ్లు దాటాక, 1930ల చివర్లో, కార్నెగీ సంస్థ ఈ సమస్య మీద అధ్యయనానికి పనిగట్టుకుని ఒక విదేశీయుణ్ని, స్వీడన్ ఆర్థికవేత్త గున్నార్ మిర్డాల్‌ను పిలిపించింది. అమెరికా జాతుల గొడవలో ఏ పక్షమూ లేనివాడైతే నిష్పక్షపాతంగా చూస్తాడని వాళ్ల ఆలోచన. ఆయన టోక్విల్‌కు పూర్తిగా ఎదురు చెప్పాడు. సమానత్వం అమెరికా నమ్ముకున్న విలువ, వివక్ష దానికి మచ్చ, తెల్లవారి అంతరాత్మే ఒకనాడు దీన్ని సరిచేస్తుందన్నది ఆయన ధోరణి. 1954లో స్కూళ్లలో జాతివేర్పాటు చెల్లదని సుప్రీంకోర్టు తీర్పిచ్చినప్పుడు మిర్డాల్ పుస్తకం ఒక అధస్సూచికలో కనిపిస్తుంది. విదేశీ పరిశీలకుడి ఆశకు అంతకుమించిన గౌరవం ఇంకెవరికీ దక్కి ఉండదు.

ఇద్దరూ తెల్లవారి మనసునే తూచారు. ఒకరికి అందులో ద్వేషం కనిపించింది, ఇంకొకరికి అంతరాత్మ. నల్లవారు తమంతట తాము ఏం చేస్తారన్నది ఇద్దరికీ పెద్దగా పట్టలేదు.

మన దేశం నుంచి వెళ్లినవాళ్లలో రామ్ మనోహర్ లోహియా దారే వేరు. 1964 మే 28న, ఇక్కడ నెహ్రూ కన్నుమూసిన మర్నాడు, మిసిసిపీ రాష్ట్రం జాక్సన్ నగరంలో తెల్లవారికి మాత్రమే అన్నం పెట్టే ఒక కెఫెటేరియాకు ధోవతి, కుర్తాతో వెళ్లారు. పొమ్మన్నారు. పోనన్నారు. పోలీసులు వ్యానెక్కించారు. అప్పటికి ఆయన లోక్‌సభ సభ్యుడు కాబట్టి అమెరికా విదేశాంగ శాఖ విచారం తెలిపింది. పరిశీలకుడనే మాటకు లోహియా సరిపోరు నిజానికి. చూసి రాయడానికి వెళ్లినవాణ్ని జైలు వ్యాన్ ఎక్కించరు కదా.

ఆ మిసిసిపీలోనే, లోహియా వెళ్లడానికి రెండేళ్ల ముందు సంగతి ఒకటుంది. 1962 ఆగస్టు 31న రూల్‌విల్ అనే ఊరి నుంచి 18 మంది నల్లజాతి వాళ్లు ఒక పాత బస్సెక్కి, ఓటు నమోదు చేయించుకోవడానికి కౌంటీ కేంద్రమైన ఇండియనోలాకు బయల్దేరారు. అందులో ఫానీ లూ హేమర్ ఒకరు. పత్తి చేలల్లో పాలుకు చేసే కుటుంబం, ఇరవై మంది పిల్లల్లో ఆఖరి బిడ్డ. నల్లవారికి ఓటు హక్కుందన్న సంగతే నలభై దాటాక ఆమె చెవిన పడింది. నమోదు ఆఫీసులో గుమాస్తా రాష్ట్ర రాజ్యాంగంలోంచి ఒక సెక్షన్ తీసి, చదివి వ్యాఖ్యానించమన్నాడు. జరిగిపోయిన పనులకు వెనక తేదీతో శిక్ష వేసే చట్టాల గురించిన సెక్షన్ అది. లాయర్లే తడుముకునే విషయం. హేమర్ ఫెయిలయ్యారు. తిరుగు ప్రయాణంలో పోలీసులు బస్సునాపి డ్రైవర్‌కు జరిమానా రాశారు. నేరమేమిటంటే బస్సు రంగు మరీ పసుపుగా ఉందట, స్కూలు బస్సులా కనిపిస్తోందట. ఇంటికొచ్చేసరికి భూస్వామి కబురు సిద్ధంగా ఉంది: దరఖాస్తు వెనక్కి తీసుకో, లేదంటే ఖాళీ చెయ్. పద్దెనిమిదేళ్లుగా పనిచేసిన పొలం అది. నేను నీకోసం నమోదు చేయించుకోడానికి వెళ్లలేదు, నాకోసం వెళ్లానని చెప్పి ఆ రాత్రే బయటికొచ్చేశారు. తర్వాత మళ్లీ ఆఫీసుకెళ్లి, పాసయ్యేదాకా వస్తూనే ఉంటానని గుమాస్తాకు చెప్పారు. 1963 జనవరిలో పాసయ్యారు. అప్పటికీ ఓటు వేయనివ్వలేదు. ఓటు పన్ను కట్టిన పాత రసీదులు చూపించాలన్నారు. ఓటే లేనివాళ్ల దగ్గర ఓటు పన్ను రసీదులు ఎక్కడినుంచి వస్తాయి?

అమెరికా రాజకీయాల్లో ఆశ అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఈ ఆఫీసు గదే. హేమర్‌కు తెల్లవారి అంతరాత్మ మీద మిర్డాల్‌కున్నంత నమ్మకం ఉండే అవకాశమే లేదు. 1963 జూన్‌లో వినోనా జైల్లో ఆమెను చితకబాదారు కూడా. 1964 ఆగస్టులో డెమొక్రాటిక్ పార్టీ మహాసభలో ప్రతినిధుల అర్హత తేల్చే కమిటీ ముందు ఇదంతా చెబుతుంటే, కెమెరాలను అటునుంచి తిప్పించడానికి సాక్షాత్తూ అధ్యక్షుడు జాన్సన్ హడావుడిగా ప్రెస్‌మీట్ పెట్టాడు. అదే జాన్సన్ మరుసటి ఏడాది ఆగస్టు 6న ఓటు హక్కుల చట్టం మీద సంతకం చేశాడు. మిసిసిపీలో నల్లవారి ఓటు నమోదు ఆ చట్టానికి ముందు ఏడు శాతం లోపే. రెండేళ్లలో దాదాపు అరవైకి చేరింది. రెండేళ్లలో అక్కడి తెల్లవారి మనసులు కరిగిపోయాయంటే నేను నమ్మను. పరీక్షలు రద్దయ్యాయి, కేంద్రం నుంచి అధికారులు వచ్చి కూర్చున్నారు, ఎన్నికల నిబంధన ఏది మార్చాలన్నా ముందు వాషింగ్టన్ అనుమతి తీసుకోవాలన్నారు. అంతే.

ఆ చివరి నిబంధనే 2013 జూన్ 25న పోయింది. షెల్బీ కౌంటీ కేసులో సుప్రీంకోర్టు 5-4 తేడాతో, ఏయే రాష్ట్రాలు ముందస్తు అనుమతి తీసుకోవాలో తేల్చే సూత్రం కాలం చెల్లిందంది. సూత్రం లేకపోతే అనుమతీ లేదు. ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ తీర్పులో ఒక ఉదాహరణ ఉంది. ఒకప్పుడు పౌరహక్కుల కార్యకర్తలను చంపిన మిసిసిపీలోని ఫిలడెల్ఫియాకూ, లాఠీలతో కొట్టిన అలబామాలోని సెల్మాకూ ఇప్పుడు నల్లజాతి మేయర్లున్నారని. బయటి దేశాలవాళ్లు 2008లో చేసిన పనే అమెరికా అత్యున్నత న్యాయస్థానం 2013లో చేసిందన్నమాట. ముఖం చూపించి, కాపలా తీసేసింది. తడవడం లేదు కదా అని వానలో గొడుగు పారేసినట్టుందని జస్టిస్ రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ తన అసమ్మతి తీర్పులో రాశారు. ఆ రోజే టెక్సాస్ తన ఓటరు గుర్తింపు చట్టం అమల్లోకి వస్తుందని ప్రకటించింది. నార్త్ కరోలినా కొన్ని వారాల్లోనే కొత్త చట్టం చేస్తే, అది నల్లజాతి ఓటర్లకే గురిపెట్టినట్టుందంటూ 2016లో అప్పీలు కోర్టు కొట్టేసింది. ఇదంతా జరిగేటప్పుడు శ్వేతసౌధంలో ఉన్నది ఒబామానే. మనం ఆయన ప్రసంగాల వీడియోలు ఫార్వర్డ్ చేసుకుంటున్నాం.

ఈ కథ మనది కాదనుకునే తెలుగువాళ్లు అమెరికాలో చాలామందే ఉన్నారు. కష్టపడి చదివాం, వీసా తెచ్చుకున్నాం, పన్ను కడుతున్నాం, నల్లవాళ్ల గొడవ నల్లవాళ్లదీ తెల్లవాళ్లదీ అంటారు. ఆ వీసా ఎలా వచ్చిందో చూద్దాం. భారతీయులు తెల్లవారు కారు కాబట్టి పౌరసత్వానికి అనర్హులని 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. 1946లో ఆ అడ్డు తీసేసి, భారతదేశానికి ఏడాదికి వంద మంది కోటా ఇచ్చారు. వందే. పుట్టిన దేశాన్ని బట్టి కోటాలు పంచే పద్ధతికి 1965లో స్వస్తి చెప్పారు. దాని మీద జాన్సన్ సంతకం పెట్టింది అక్టోబర్ 3న, ఓటు హక్కుల చట్టం వచ్చిన రెండు నెలల లోపే. ఇంట్లో జాతిని బట్టి ఓటు కుదరదన్నాక గుమ్మం దగ్గర జాతిని బట్టి వడపోత ఎలా కుదురుతుందన్న వాదనతోనే ఆ చట్టం వచ్చింది. గుంటూరు, ఉస్మానియా మెడికల్ కాలేజీల డాక్టర్లు వెళ్లిన దారి అదే, తర్వాత కంప్యూటర్ ఇంజనీర్లు వెళ్లిందీ దాని మీదే.

పిల్లల పౌరసత్వం సంగతి ఇంకా పాతది. అమెరికా గడ్డ మీద పుట్టిన ప్రతి బిడ్డా పౌరుడేనన్న 14వ సవరణ 1868 నాటిది, విముక్తులైన బానిసల కోసం రాసింది. గ్రీన్‌కార్డు క్యూలో ఏళ్లకేళ్లు నిలబడ్డ హెచ్1బీ కుటుంబం కూడా బిడ్డ పాస్‌పోర్టు మాత్రం నెలల్లో చేతిలో పెట్టుకోగలగడం ఆ వాక్యం చలవే. 2025 జనవరి 20న ట్రంప్ సంతకం చేసిన ఉత్తర్వు సరిగ్గా అక్కడే తగిలింది. తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రికి పౌరసత్వం గానీ గ్రీన్‌కార్డు గానీ లేకపోతే బిడ్డకు పౌరసత్వం రాదని. మూడు రోజుల్లోనే సియాటిల్‌లో, ట్రంప్ పార్టీకే చెందిన పాత అధ్యక్షుడు రీగన్ నియమించిన ఒక జడ్జి దాన్ని నిలిపేశారు, వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ వారమంతా మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు. 14వ సవరణ పేరు చాలామంది అప్పుడే మొదటిసారి విని ఉంటారు. 2017లో కేన్సస్‌లో హైదరాబాద్ నుంచి వెళ్లిన ఇంజనీర్‌ను కాల్చి చంపినవాడు ‘నా దేశం నుంచి వెళ్లిపో’ అని అరిచాడు. ఏ వీసా మీద ఉన్నారని వాడు ముందే అడిగాడు కూడా. ఆ వీసా ప్రాణం కాపాడలేదు.

జార్జియాలో అట్లాంటాకు ఉత్తరాన ఫోర్సైత్ కౌంటీ ఉంది. తెలుగు కుటుంబాలకు బాగా తెలిసిన చోటు. స్కూళ్లు మంచివని కమ్మింగ్ చుట్టుపక్కల ఇళ్లు కొనుక్కుంటారు, స్కూలు ఆడిటోరియంలలో ఉగాది, బతుకమ్మ జరుగుతుంటాయి. 2020 జనాభా లెక్కల్లో రెండున్నర లక్షల మందిలో ఐదారుగురికొకరు ఆసియా మూలాలవారు. ఇదే కౌంటీలో 1912లో ఒక తెల్లమ్మాయి హత్య జరిగాక, ఒక నల్లజాతి యువకుణ్ని జైల్లోంచి లాగి చంపారు. ఇద్దరు టీనేజి కుర్రాళ్లను తూతూమంత్రం విచారణతో ఉరితీశారు. తర్వాత రాత్రివేళ గుర్రాల మీద ముఠాలు తిరిగి, ఇళ్లూ చర్చిలూ తగలబెట్టి, దాదాపు 1,100 మంది నల్లవారిని, అంటే కౌంటీలో ఉన్న నల్లవారిలో దాదాపు అందరినీ, తరిమేశాయి. భూములు ఎవరికి చిక్కినవి వాళ్లు తీసుకున్నారు. దశాబ్దాల తరబడి అక్కడ నల్లవారు కాలుపెట్టలేదు. 1987 జనవరిలో కొద్దిమంది సౌభ్రాతృత్వ యాత్ర చేస్తే రాళ్లు పడ్డాయి. వారం తిరిగేసరికి దేశం నలుమూలల నుంచి ఇరవై వేల మంది వచ్చి అదే దారిలో నడిచారు.

అట్లాంటా పొంగి ఉత్తరానికి పాకాక ఫోర్సైత్ రూపురేఖలు మారిపోయాయి. నల్లవారి వాటా ఇప్పటికీ నాలుగైదు శాతమే. తరిమేసిన నేల మీద ఇల్లు కొనుక్కోవడం తెలుగువాళ్లు చేసిన తప్పేమీ కాదు, అలా అనడం అన్యాయం. నా అభ్యంతరం వేరే. వివక్ష గురించి అడిగితే ‘మా ఊళ్లో అలాంటివేమీ లేవండీ’ అనే మాట అక్కడినుంచి రావడం మీదే. లేకపోవడానికి కారణం ఏమిటో కమ్మింగ్ నడిబొడ్డున స్మారక ఫలకం మీద రాసే ఉంది.

2021లో జార్జియా కొత్త ఎన్నికల చట్టం తెచ్చింది. అంతకు రెండు నెలల ముందే ఆ రాష్ట్రం రాఫెల్ వార్నాక్‌ను సెనేట్‌కు పంపింది. మార్టిన్ లూథర్ కింగ్ బోధించిన చర్చికి పాస్టర్, చిన్నప్పుడు పరాయివాళ్ల పత్తి ఏరిన తల్లి కొడుకు. ఆ ఫలితం మీద బయటి పత్రికలు మళ్లీ ఆశ గురించి రాశాయి, కొత్త చట్టం మీద ఒకటి రెండు వార్తలతో సరిపెట్టాయి. క్యూలో నిలబడ్డవాళ్లకు మంచినీళ్లు ఇవ్వకూడదన్న నిబంధన నవ్వు తెప్పించింది కాబట్టి దానికి కాస్త ప్రచారం వచ్చింది. అసలు సంగతి ఇంకో క్లాజులో ఉంది. ఏ ఓటరైనా తన కౌంటీలో ఎంతమంది ఓటర్ల అర్హత మీదైనా అభ్యంతరం పెట్టొచ్చు, సంఖ్యకు పరిమితి లేదు. గ్విన్నెట్, ఫోర్సైత్ కౌంటీల్లో కొద్దిమందే వేలకొద్దీ అభ్యంతరాలు దాఖలు చేశారు. చాలావరకు తోసిపుచ్చినా, ప్రతి పేరునూ ఎవరో ఒకరు కూర్చుని సరిచూడాల్సి వచ్చింది. చిరునామా తరచూ మారే అద్దె ఇళ్లవాళ్లు, విద్యార్థులు ఇలాంటి జాబితాల్లోకి తేలిగ్గా ఎక్కుతారు. కొత్తగా పౌరసత్వం వచ్చి, పేరు ఒక కాగితంలో ఇంటిపేరు ముందూ ఇంకో కాగితంలో వెనకా ఉండే మనవాళ్లకూ ఈ బెడద లేకపోలేదు. ఈ అభ్యంతరాలను విచారించేది కౌంటీ ఎన్నికల బోర్డే. ఆ సమావేశాలు బహిరంగంగానే జరుగుతాయి, ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు.