సిసాల్పినియేసి ఇంటి పెద్దలకు ఒక గెస్ట్ లెక్చరర్ ఉత్తరం

తంగేడు లాంటి చెట్ల కుటుంబమైన మహారాజశ్రీ సిసాల్పినియేసి ఇంటి పెద్దల సముఖానికి, నల్లగొండ జిల్లా నుంచి ఒక బాటనీ గెస్ట్ లెక్చరర్ నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరు క్షేమమేనా అని అడగాలంటే, ముందు మీరు ఉన్నారో లేదో తేలాలి. నిన్న మధ్యాహ్నమంతా మాకు ఆ పంచాయితీతోనే సరిపోయింది.

నిన్న పిల్లలకు ప్రాక్టికల్స్. స్పాటర్‌గా, అంటే చూసి గుర్తుపట్టి రాయాల్సిన నమూనాగా, తంగేడు పెట్టాం. దేవరకొండ రోడ్డు పక్కన పొద్దున్నే విరుచుకొచ్చిన కొమ్మ, ఇంకా వాడలేదు. ఒక అమ్మాయి చక్కగా రాసింది: కుటుంబం ఫాబేసి (అంటే చిక్కుడు కుటుంబం), ఉపకుటుంబం సిసాల్పినియాయిడే. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ గారు ఎర్ర పెన్నుతో ఆ రెండూ కొట్టేసి, పైన తమరి పేరు రాశారు. ఆయన చదివిన పుస్తకంలో తమరిది సొంత ఇల్లు. నేను చెప్పిన పుస్తకంలో ఫాబేసి వాళ్ల ఇంట్లో ఒక గది. నేనొకటి అంటే ఆయనొకటి. చాయ్ చల్లారింది. పిల్లలు బ్లేడ్లు, సూదులు పట్టుకుని అట్లాగే నిలబడ్డారు. చివరికి మార్కులు పోయింది ఆ అమ్మాయికి. తమరికి ఏం పోయింది?

అయ్యా, తమ ఇంటి పంపకాల గురించి మాట్లాడే అర్హత నాకు లేదనుకోండి. అయినా అడుగుతున్నా. బెంథామ్, హుకర్ అనే వృక్షశాస్త్రవేత్తలు 1862 నుంచి 1883 దాకా వేసిన మొక్కల వర్గీకరణ గ్రంథంలో మీరు, చిక్కుడు వాళ్లు, తుమ్మ వాళ్లు అంతా ఒకే పొయ్యి మీద వండుకున్నారు. లెగ్యుమినోసే అని ఒకే ఇంటిపేరు, లోపల మూడు వాటాలు. తర్వాత హచిన్సన్ లాంటి పెద్దమనుషులు వచ్చి ముగ్గుర్నీ వేరు పెట్టారు. 1998లో ఏపీజీ అనే శాస్త్రవేత్తల బృందం వాళ్లు కూర్చుని మళ్లీ ఫాబేసిగా కలిపారు. హమ్మయ్య, కలిసిపోయారులే అనుకుంటే 2017లో మూడు ఉపకుటుంబాలు ఆరయ్యాయి. దేవకాంచనం ఒక దిక్కు పోయింది, చింతచెట్టు ఇంకో దిక్కు పోయింది. ఇక తుమ్మ, జమ్మి మూటాముల్లె సర్దుకుని వచ్చి తంగేడు గదిలోనే దిగాయి. ఇక్కడ రేషన్ కార్డులో ఒక్క పేరు ఎక్కించాలంటే ఆఫీసు చుట్టూ తిరిగి చెప్పులు అరుగుతాయి. తమరికి ఒక్క రిసెర్చ్ పేపరు అచ్చయితే చాలు.

ఇట్లా చేసింది తమరొక్కరే కాదు, ఒప్పుకుంటా. జిల్లేడు ఆస్క్లిపియడేసి ఇల్లు మూసేసి గన్నేరు వాళ్ల అపోసైనేసిలో కలిసింది. ఇంటర్ పిల్లలు లిలియేసి అని కంఠతా పట్టిన ఉల్లిగడ్డ ఇప్పుడు అమరిల్లిడేసి. నల్లతుమ్మ సంగతి మరీ అన్యాయం. 2005లో వియన్నాలో వృక్షశాస్త్రవేత్తలు సభ పెట్టి కూర్చుని అకేసియా అన్న పేరు ఆస్ట్రేలియా చెట్లకు ఇచ్చేశారు, మనది వాచెల్లియా అయింది. వందల ఏళ్లుగా ఉన్నచోటు నుంచి కదలని మహబూబ్‌నగర్ పిల్లలమర్రిని కూడా వదల్లేదు. బెంథామ్ లెక్కలో అర్టికేసి, ఇప్పుడు మోరేసి.

ఇవన్నీ మింగుతా. మింగుడు పడనిది ఒక్కటే. పువ్వు కోసి చూసి కుటుంబం చెప్పాలని కదా మాకు నేర్పింది, మేం నేర్పుతున్నది? మొగ్గను అడ్డంగా కోస్తే కందిలో ధ్వజం అనే పెద్ద రేక అన్నిటికన్నా బయట ఉంటుంది, తంగేడులో అదే స్థానంలో ఉన్న రేక అన్నిటికన్నా లోపల ఉంటుంది. అది పట్టుకుంటే చాలు, కంది వేరు, తంగేడు వేరు. తుమ్మపువ్వు అంటారా, చిన్న చిన్న పువ్వులన్నీ కలిసి పసుపు బంతి అవుతాయి. ఒక్కోదాంట్లో లెక్కపెట్టలేనన్ని కేసరాలు. తంగేడులో లెక్కగా పది. వాటిలో పైన మూడు గొడ్డువి, కింద పొడవాటివి, నడుమ పొట్టివి. దీన్నీ దాన్నీ పక్కపక్కన పెట్టి, ఇవి రెండూ ఒకే ఉపకుటుంబం అని ఏ మొహంతో చెప్పమంటారు? చెప్పానండీ. "ఎట్ల సార్?" అని అడిగారు. హరితరేణువులోని మాట్‌కే అనే జన్యువు చదివి తేల్చారని చెప్పాను. "అది లెన్సుతో కనబడ్తదా సార్?" అన్నాడు ఒకడు.

కనబడదు. మా ల్యాబులో ఉన్న మైక్రోస్కోపుకు అద్దమే సరిగ్గా లేదు, జన్యువు ఎక్కడి నుంచి కనబడాలి! మీరు మీ చెట్ల బంధుత్వాలు సరిచూసుకోండి, ఎవరొద్దన్నారు? కానీ సిలబస్ పుస్తకంలో ఒక ఇల్లు, ఎగ్జామినర్ నెత్తిలో ఇంకో ఇల్లు, పేపర్లో మూడో ఇల్లు ఉంటే మధ్యలో నలిగేది గంట బస్సులో నిలబడి కాలేజీకి వచ్చే పిల్ల. పాత పేరు రాస్తే ఒకాయన కొడతాడు, కొత్త పేరు రాస్తే ఇంకొకాయన కొడతాడు. సిగ్గుండాలి. తమరికి కాదు, ఆ పుస్తకం మార్చనివాళ్లకు.

నిజానికి 2017 వాళ్లు చేసింది తప్పని నేను అనలేను. అటు చిక్కుడు పువ్వులా లేనివి, ఇటు తుమ్మలా లేనివి, మిగిలినవన్నీ తెచ్చి పడేసిన ఇల్లే తమరిది. ఏదో ఒకరోజు విడిపోవాల్సిందే. పైగా తంగేడు మీద కోపం తెచ్చుకోవడం నా వల్ల కాదు. ఆ పెద్ద కేసరాల కొనన సూది పోటంత రంధ్రం ఉంటుంది. తేనె లేకపోయినా తుమ్మెద వచ్చి పట్టుకుని జుయ్యిమని రొద చేస్తే, ఆ అదురుకు పుప్పొడి రంధ్రంలోంచి చిమ్ముతుంది. నిన్న ఎగ్జామినర్ గారు కూడా రెండు నిమిషాలు వాదన ఆపి లెన్సులోంచి ఆ రంధ్రమే చూశారు. చూసి, "సిసాల్పినియేసి," అన్నారు మళ్లీ.

కనుక తమరికి విన్నపం. ఇంకోసారి పంపకాలు పెట్టుకుంటే సెమిస్టర్ పరీక్షలు అయ్యాక పెట్టుకోండి. అందాకా స్పాటర్‌గా ఉమ్మెత్త పెడుతున్నా. సొలనేసి వాళ్లు బెంథామ్ నాటి నుంచి ఉమ్మెత్తను ఇల్లు మారనివ్వలేదు.

ఇట్లు,
గంటకింత అని లెక్కగట్టి జీతం తీసుకునే ఒకడు