అన్నీ కలిసి ఉంటాయి సార్

మా బావగారికి చేపల మీద ప్రేమ ఉందని మేమంతా అనుకున్నాం. తీరా చూస్తే అది రంగుల మీద ప్రేమ. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న ట్యాంక్ ఒకటి హాల్లో పెట్టించి, ఒక నీలం కావాలి, ఒక ఎరుపు కావాలి, చారలది ఒకటి, గాజుకు అతుక్కుని ఉండేది ఒకటి అని చీటీ రాసుకున్నారు. ఆ రంగులన్నిటికీ ముందువైపు ఒక నోరు కూడా ఉంటుందన్న సంగతి చీటీలో లేదు.

పొద్దున నీళ్ళు నింపారు, సాయంత్రానికి చేపల కవర్లు పట్టుకొచ్చారు.

"నాలుగైదు వారాలైనా ఆగాలి బావగారూ. చేపల మలంలోంచి అమ్మోనియా వస్తుంది. దాన్ని నైట్రైట్‌గా, ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ముందు ఫిల్టర్‌లో పెరగాలి" అన్నాను.

"నీళ్ళు ఇంత తేటగా ఉంటే బ్యాక్టీరియా ఎందుకురా? శుభ్రంగా ఉన్న కొంపలోకి క్రిముల్ని పిలిచి కూర్చోబెట్టమనేవాణ్ణి నిన్నే చూశాను" అన్నారు. పైగా వారం తిరక్కుండానే ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద పెట్టి తెల్లగా ఉతికారు. అప్పుడప్పుడే కాపురం పెడుతున్న బ్యాక్టీరియా కాస్తా క్లోరిన్ నీళ్ళతో పాటు కాలవలో కలిసింది.

ఇంతకీ ఏమేం తెచ్చారని అడిగితే, పది నియాన్ టెట్రాలు, రెండు ఏంజెళ్ళు, మూడు టైగర్ బార్బులు, ఒక ఫైటర్, రెండు ఆడ గప్పీలు, రెండు గోల్డ్ ఫిష్‌లు, ఒక సక్కర్. "అన్నీ కలిసి ఉంటాయి సార్" అని అమ్మినతను హామీ ఇచ్చాడట.

మొదటి పంచాయితీ హీటర్ దగ్గర వచ్చింది. గోల్డ్ ఫిష్‌కి 20 డిగ్రీల చుట్టుపక్కల చల్లటి నీళ్ళు హాయి. మిగతావాటికి 25, 26 ఉండాలి. బావగారు ఎవరి మనసూ నొప్పించని మనిషి కాబట్టి 23 దగ్గర పెట్టారు. దాంతో ట్యాంక్‌లో ఎవరికీ హాయి లేకుండా పోయింది.

ఇక టైగర్ బార్బులు. ఎక్కువైతే గొడవ చేస్తాయేమోనని మూడే తెచ్చానన్నారు. వాటి లెక్క తిరగబడి ఉంటుంది. ఎనిమిదో పదో ఉంటే తమలో తాము తన్నుకుంటూ పొద్దుపుచ్చుతాయి. మూడే ఉంటే ఊళ్ళోవాళ్ళ మీద పడతాయి. వేలాడే పరదా కుచ్చుల్లాంటి తోక కనబడితే లాగకుండా ఉండటం వాటివల్ల కాదు, ఆ ట్యాంక్‌లో అలాంటి తోక ఉన్నది ఫైటర్‌కే. "దాని పేరే ఫైటర్, నువ్వేం దిగులుపడకు" అన్నారు బావగారు. ఆ ఫైటర్ పౌరుషమంతా ఇంకో మగ ఫైటర్ ఎదురైతేనే. తోక పీలికలైపోయి అది హీటర్ వెనక నక్కింది. తిండి వేసినప్పుడు కూడా ముందు తల బయటపెట్టి, దారి చూసుకుని, అప్పుడు వచ్చేది.

అన్నిటికన్నా పెద్ద కథ నియాన్ టెట్రాలది. ఒక రాత్రి పదకొండింటికి బావగారు టార్చ్ వేసి చూసి ఇల్లంతా లేపారు. "రంగంతా పోయింది! పాలిపోయాయి! పోయేలా ఉన్నాయి!" చీకట్లో నియాన్లు రంగు తగ్గించుకుంటాయని, పొద్దున లైటు వేసిన కాసేపటికి ఆ నీలం దానంతటదే వస్తుందని చెప్పి పడుకోబెట్టాం. పొద్దున్నే రంగు తిరిగొచ్చింది. కాకపోతే ఆ తర్వాత కొన్నాళ్ళకు లెక్కే తగ్గడం మొదలైంది. పది తొమ్మిదైంది, తొమ్మిది ఏడైంది. బావగారు ముందు ఫిల్టర్‌ని అనుమానించి ఊడదీశారు. తర్వాత పక్కింటి పిల్లిని. ఒక పూట నన్ను కూడా అదోలా చూశారు. ఏంజెళ్ళ మీద మాత్రం ఈగ వాలనివ్వలేదు. "అంత హుందాగా ఈదేవి అలాంటి పని చేస్తాయట్రా?" అనేవారు.

అమెజాన్ నీళ్ళలో చిన్న చేపల్ని తిని బతికే జాతి అది. హుందాగా ఈదితే తినదని ఎక్కడుంది? తెచ్చినప్పుడు ఏంజెళ్ళు రూపాయి బిళ్ళంత ఉన్నాయి. పెరిగితే అరచేతంత అవుతాయి. నియాన్ ఎంత పెరిగినా మూడు నాలుగు సెంటీమీటర్లు దాటదు. అసలు దుకాణంలో మనకు చూపించేవి చాలావరకు పిల్లలే. రంగు సంగతి తర్వాత, పెద్దయ్యాక ఎంతవుతుందో అది అడగాలి. నన్నడిగితే, ఆ ఒక్క ప్రశ్నతో ఈ రామాయణంలో సగం ఉండేది కాదు.

చివరికి ఒక పొద్దున లైటు వేసేసరికి పెద్ద ఏంజెల్ నోట్లోంచి నియాన్ తోక ఒకటి బయటికి వేలాడుతోంది.

"అన్నీ కలిసి ఉంటాయన్నాడు కదండీ" అంది అక్క. "కలిసే ఉన్నాయి. కొన్ని లోపల, కొన్ని బయట."

ఈలోగా గప్పీలు పిల్లల్ని పెట్టాయి. "మగది లేనే లేదు, ఎలా పెట్టాయి?" అని బావగారు బిత్తరపోయారు. ఆడ గప్పీ ఒకసారి జతకడితే వీర్యాన్ని నెలల తరబడి దాచుకుని విడతలవారీగా పిల్లల్ని పెట్టగలదని చెప్పాను. అక్క మాత్రం హీటర్ వెనక ఉన్న ఫైటర్ వైపు అనుమానంగా చూసింది. పాపం దానికి ఈ నింద కూడా తప్పలేదు. పిల్లలు ఏమయ్యాయో ఏంజెళ్ళకే తెలుసు.

సక్కర్ గురించి బావగారి నమ్మకం ఏమిటంటే అది గాజు తుడిచే పనిమనిషి అని. కాస్త నాచు తిన్న మాట నిజమే గాని, అది తుడిచినదానికి రెండింతలు ఇసుక మీద పోసేది. ఆ జాతి అడుగు దాటి పెరుగుతుంది, ట్యాంక్ వెడల్పేమో సరిగ్గా అడుగు. నిండా పెరిగితే వెనక్కి తిరగడానికి చోటుండదు. అది చాలక ఒక రాత్రి ఏంజెల్ పక్కకు అతుక్కుని దాని ఒంటి మీద జిగురు పీలుస్తూ దొరికిపోయింది. "నియాన్ల ఉసురు" అంది అక్క.

చివరికి పంపకాలు జరిగాయి. గోల్డ్ ఫిష్‌లు, సక్కర్ పెద్ద తొట్టెలున్న వాళ్ళ దగ్గరికి చేరాయి. ఏంజెళ్ళు, బార్బులు, గప్పీలు కొన్నచోటికే వెళ్ళాయి. ఫైటర్‌కి విడిగా చిన్న ట్యాంక్, చిన్న హీటర్ అమిరాయి. దాని తోక మళ్ళీ మొలుస్తోంది. పెద్ద ట్యాంక్‌లో మిగిలిన నియాన్లకు ఇంకొన్ని నియాన్లను, అడుగున తిరగడానికి కొరిడోరస్ అనే చిన్న మీసాల చేపలను ఆరింటిని జతచేశాం. వాటి మీసాలు గీసుకోకుండా గరుకు రాళ్ళు తీసేసి సన్నటి ఇసుక పోశాం. స్పాంజిని ఇప్పుడు ట్యాంక్‌లోంచి తీసిన నీళ్ళలోనే పిండుతున్నారు.

నిన్న రాత్రి బావగారి ఫోను. గొంతు వణుకుతోంది.

"ఒరేయ్, ఊపిరాడట్లేదురా. గబుక్కున పైకొచ్చి గాలి మింగి మళ్ళీ కిందికి పోతోంది."

"కొరిడోరస్ అంతే బావగారూ. మింగిన గాలిని పేగుల్లోంచి పీల్చుకుంటుంది. అప్పుడప్పుడూ అలా పైకి రావడం దాని అలవాటు."

అటువైపు కాసేపు మాట లేదు.

"ఆ ముక్క ముందే చెప్పొద్దూ? గంట నుంచీ మీ అక్క సైకిల్ పంపు కొడుతోంది."